పవర్ ఇంజనీరింగ్ వైపు విద్యార్థులను రప్పించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈఈఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్) శాఖలో పాఠాలు చెప్పే అధ్యాపకులు, కౌన్సెలింగ్‌లో ఈఈఈ సీటు వచ్చి ఎటూ తేల్చుకోలేకపోతున్న విద్యార్థులు, వారి తల్లిదండ్రులు తరచూ అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. కొన్నేళ్లు ట్రాన్స్‌మిషన్ సబ్‌స్టేషన్లలో షిఫ్టు డ్యూటీ చేసి ఆ తరువాత బోధనలోకి వచ్చినవాణ్ణి కనుక, జవాబుల్లో అక్కడక్కడా పక్షపాతం కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఈఈఈలో చేరిన విద్యార్థులే విద్యుత్ రంగం వైపు చూడడం లేదు. అసలు కారణం ఏమిటి?

జీతాలే కారణమని చాలామంది వెంటనే చెప్పేస్తారు. అందులో నిజం ఉంది కానీ, అది సగం నిజమే. వెబ్ ఆప్షన్లు పెట్టుకునేటప్పుడు విద్యార్థి ముందుగా ఊళ్లో ఉన్న కాలేజీలన్నింటిలోనూ కంప్యూటర్ సైన్స్‌నూ, దాని పక్కన కృత్రిమ మేధ, డేటా సైన్స్ అని పేరున్న కోర్సులనూ వరుసగా పెట్టుకుని, చివరికి మిగిలిన ఖాళీలో ఈఈఈ రాస్తాడు. అంటే ఎంచుకున్న సీటుగా కాక, దక్కిన సీటుగా అది అతనికి వస్తుంది. ఆ మనసుతో వచ్చినవాడికి మొదటి సంవత్సరమంతా గణితం, సీ ప్రోగ్రామింగ్‌తో గడిచిపోతుంది. రెండో సంవత్సరంలో డీసీ మెషీన్స్ పాఠం ల్యాప్ వైండింగ్, వేవ్ వైండింగ్‌లతో మొదలవుతుంది. ల్యాబ్‌లో అతనికంటే ముందే పుట్టిన ఒక మోటార్ జనరేటర్ సెట్టు ఉంటుంది, సీనియర్ల దగ్గర నుంచి రికార్డు వస్తుంది, అందులోని రీడింగులు అతని రికార్డులోకి ఎక్కుతాయి. మూడో సంవత్సరం రాగానే ప్లేస్‌మెంట్ సెల్ అన్ని బ్రాంచీల వారినీ ఒకే హాలులో కూర్చోబెట్టి కోడింగ్ పరీక్షకు తయారు చేస్తుంది.

ఈ మూడేళ్లలో ప్రాణమున్న విద్యుత్ వ్యవస్థను అతనికి ఎవరూ చూపించలేదు. ఒక వైవాలో నాలుగో సంవత్సరం విద్యార్థిని బస్‌బార్ (సబ్‌స్టేషన్‌లో లైన్లన్నీ వచ్చి కలిసే లోహపు కడ్డీ) గురించి అడిగితే నిర్వచనం తడుముకోకుండా చెప్పాడు. ఎప్పుడైనా చూశావా అంటే, ఊరి నుంచి వచ్చే దారిలో బస్సు కిటికీలోంచి సబ్‌స్టేషన్ గోడ మాత్రం చూశానన్నాడు. దాని అవతలికి అతన్ని తీసుకువెళ్లకపోవడం మా శాఖ తప్పు, అందులో నా వాటా కూడా ఉంది.

విద్యుత్ అంటే వందేళ్ల నాటి విద్య. అందులో కొత్తగా నేర్చుకోవడానికి ఏముంది?

ఈ ప్రశ్నకు జవాబుగా నేను తరగతిలో 2020 ఏప్రిల్ 5వ తేదీ రాత్రిని గుర్తు చేస్తాను. ఆ రాత్రి 9 గంటలకు దేశమంతా తొమ్మిది నిమిషాల పాటు దీపాలు ఆర్పింది. ఇప్పుడు కాలేజీ బెంచీల మీద కూర్చున్నవారు అప్పుడు బడిపిల్లలు. చాలామంది స్విచ్చు తామే ఆర్పి, డాబా ఎక్కి దీపం పట్టుకున్నారు. విద్యుత్తును తీగల్లో నిల్వ చేయలేము, ఏ క్షణంలో ఎంత వాడుతున్నామో ఆ క్షణంలో అంతే ఉత్పత్తి చేయాలి, తేడా వస్తే ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ నుంచి పక్కకు జరుగుతుంది. ఆ రాత్రి డిమాండు 12,000 నుంచి 14,000 మెగావాట్ల దాకా పడిపోతుందని గ్రిడ్ నిర్వాహకులు అంచనా వేసుకుని సిద్ధమయ్యారు. పడిపోయింది మాత్రం సుమారు 31,000 మెగావాట్లు. జలవిద్యుత్ కేంద్రాలను నిమిషాల వ్యవధిలో 17,000 మెగావాట్లకు పైగా దించి, దీపాలు మళ్లీ వెలిగే సమయానికి తిరిగి ఎత్తారు. ఇంత జరిగినా ఫ్రీక్వెన్సీ 49.70కీ 50.26కీ మధ్యనే ఉంది. డాబా మీద దీపం పట్టుకుని నిలుచున్న పిల్లవాడికి ఇందులో ఏదీ తెలియలేదు. ఆ తొమ్మిది నిమిషాలూ కంట్రోల్ రూములో కూర్చున్నవారు ఏం చేశారో పలక మీద గీసి చూపిస్తే, చివరి బెంచీ కూడా తల ఎత్తుతుంది.

కొత్తదనం గురించి ఇంకా సూటిగా చెప్పాలంటే, దేశంలోని స్థాపిత విద్యుత్ సామర్థ్యంలో శిలాజేతర వనరుల వాటా 2025లో సగం దాటింది. కర్నూలు జిల్లాలో 1,000 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది, దానికి చేరువలోనే పిన్నాపురంలో పగటి సౌరవిద్యుత్తుతో నీటిని పైకి తోడి, సాయంత్రం దాన్నే కిందికి వదిలి విద్యుత్తు తీసే పంప్‌డ్ స్టోరేజ్ ప్రాజెక్టు వచ్చింది. బొగ్గు కేంద్రంలోని టర్బైన్, జనరేటర్ కలిసి వందల టన్నుల బరువుతో తిరుగుతుంటాయి. ఎక్కడైనా ఒక యూనిట్ ట్రిప్పయితే, అంటే ఉన్నట్టుండి గ్రిడ్ నుంచి విడిపోతే, ఆ తిరుగుడులో దాగిన శక్తే మొదటి కొన్ని సెకన్లు గ్రిడ్‌ను నిలబెడుతుంది. సౌరఫలకాల డీసీని ఏసీగా మార్చే సోలార్ ఇన్వర్టర్‌లో తిరిగే చక్రం లేదు. అటువంటి ఇన్వర్టర్లు ఎక్కువైన గ్రిడ్ ఎలా నిలబడుతుందన్న ప్రశ్నకు జవాబు ఇంకా పూర్తిగా తయారు కాలేదు, ప్రపంచమంతా దాని మీదే పని చేస్తోంది. 2025 ఏప్రిల్ 28 మధ్యాహ్నం 12 గంటల 33 నిమిషాలకు స్పెయిన్, పోర్చుగల్ దేశాలు సెకన్ల వ్యవధిలో చీకటైపోయాయి. వోల్టేజీ అదుపు తప్పి పెరగడం, ఆ పెరుగుదలకు విద్యుత్ కేంద్రాలు ఒకదాని వెంట ఒకటి విడిపోవడం అక్కడ జరిగిన సంగతి. మన విద్యార్థులు పరీక్షకు వదిలేసే రియాక్టివ్ పవర్ (పని చేయకుండా లైనులో అటూ ఇటూ ఊగుతూ వోల్టేజీని ప్రభావితం చేసే శక్తి) అధ్యాయంలో ఉన్నది ఇదే.

రెండో సంవత్సరం విద్యార్థులకు మొదట ఏమి చూపించాలి?

మెషీన్స్ పాఠం మొదలు కాకముందే, సెమిస్టరు తొలి నెలలోనే, దగ్గరలోని 132/33 కేవీ సబ్‌స్టేషన్‌కు తీసుకువెళ్లండి. మూడో సంవత్సరం చివర ఇండస్ట్రియల్ టూరు పేరిట ఒక జలపాతం, ఒక గుడి, మధ్యలో అరగంట సబ్‌స్టేషన్ చూపించే పద్ధతిలో ప్రయోజనం లేదు. గుంపు ఇరవై మందికి మించకూడదు, చేతిలో పుస్తకం ఉండకూడదు.

గేటు దాటగానే కాళ్ల కింద కంకర గరగరలాడుతుంది. అక్కడ ఆగి, ఈ కంకర ఎందుకు పోశారని అడగండి. గడ్డి మొలవకుండా ఉండడానికని ఒకరు, వానకు బురద కాకుండా ఉండడానికని ఇంకొకరు చెబుతారు. రెండూ కొంతవరకు నిజమే. అసలు సంగతి ఏమిటంటే, ఫాల్ట్ (తీగ తెగడమో షార్ట్ కావడమో) వచ్చినప్పుడు కరెంటు భూమిలోకి దిగుతూ రెండు పాదాల మధ్య వోల్టేజీ తేడా పుట్టిస్తుంది, ఎండిన కంకర నిరోధం ఎక్కువ కనుక ఆ తేడా మనిషి ఒంట్లోకి ఎక్కకుండా అడ్డుపడుతుంది. స్టెప్ పొటెన్షియల్ అన్న మాట అక్కడ నిలబడి ఒక్కసారి విన్నవాడు జన్మలో మరచిపోడు.

తరువాత పవర్ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరకు వెళ్లి అందరినీ మాట్లాడకుండా నిలబడమనండి. ఆ ఝుంకారం 100 హెర్ట్జ్‌ది. సరఫరా 50 అయినప్పుడు మోత 100 ఎందుకయిందని అడిగి, జవాబు చెప్పకుండా ముందుకు కదలండి. మర్నాటి తరగతికి అదే మొదలు. ట్రాన్స్‌ఫార్మర్ గాలి పీల్చుకునే బ్రీదర్‌లో నీలంగా ఉన్న సిలికా జెల్ తేమ పీల్చుకుని గులాబీ రంగుకు తిరగడం, పిడుగు వంటి తాకిడిని భూమిలోకి మళ్లించిన ప్రతిసారీ లైట్నింగ్ అరెస్టర్ కింది కౌంటరులో అంకె పెరగడం, ఐసోలేటర్‌ను (లైనును విడదీసే స్విచ్చును) కరెంటు పారుతుండగా తెరవకూడదన్న నియమం, ఇవన్నీ చూపించదగినవే. అయితే నా అనుభవంలో విద్యార్థులను అన్నిటికంటే ఎక్కువగా ఆపేది బ్యాటరీ గది. అంత పెద్ద ఏసీ సబ్‌స్టేషన్‌లో వరుసగా పేర్చిన బ్యాటరీలు ఎందుకు? ఏసీ సరఫరా పోయిన క్షణంలోనే, ప్రమాదంలో లైనును తెంచే బ్రేకరు పని చేయవలసి ఉంటుంది కనుక, ఆ బ్రేకరును ట్రిప్ చేసే కాయిల్ ఏసీ మీద ఆధారపడకూడదు. ఈ ఒక్క మాటతో రక్షణ వ్యవస్థ అంటే ఏమిటో సగం అర్థమవుతుంది.

చివరగా కంట్రోల్ రూములో ఆపరేటరు పక్కన పావుగంట కూర్చోబెట్టండి. గంటగంటకూ లాగ్ షీటులో రీడింగులు వేయడం, లైనుమీద పని చేయడానికి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైను ఆపి ఇచ్చే అనుమతి) అడిగినవారి పేరు, సమయం రాసుకోవడం, పని పూర్తయి మనుషులందరూ దిగిపోయారన్న మాట వచ్చేదాకా ఛార్జి చేయకపోవడం, అవన్నీ వారు కళ్లారా చూడాలి. ఇక్కడ అధ్యాపకుడు నోరు మెదపకపోవడమే మేలు. ఆపరేటరే చెబుతాడు, అతనికి చెప్పడం ఇష్టం, అడిగేవారే ఉండరు.

సబ్‌స్టేషన్‌కు అనుమతి దొరుకుతుందా? ప్రమాదం కాదా?

శాఖాధిపతి సంతకంతో తేదీ, విద్యార్థుల సంఖ్య రాసి ట్రాన్స్‌కో (సరఫరా సంస్థ) లేదా డిస్కమ్ (పంపిణీ సంస్థ) సంబంధిత అధికారికి ముందుగా ఉత్తరం పంపాలి. నిర్వహణ పనులు లేని రోజును వారినే సూచించమనడం మంచిది. పూర్వ విద్యార్థి ఎవరైనా అక్కడ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు)గానో డీఈ (డివిజనల్ ఇంజనీరు)గానో ఉంటే పని త్వరగా జరుగుతుందని వేరే చెప్పనక్కర్లేదు. భద్రత విషయంలో రాజీ వద్దు. తాకితేనే షాక్ కొడుతుందన్న ఇంటి అనుభవం హైవోల్టేజీ దగ్గర చెల్లదు, దగ్గరికి వెళ్లడమే చాలు. కనుక చేయి పైకెత్తి చూపించడం, గొడుగు విప్పడం, సెల్ఫీ కర్ర తీయడం పూర్తిగా నిషేధం. బూట్లు లేనివారిని గేటు దగ్గరే ఆపేయండి.

తరగతిలో పవర్ ఫ్యాక్టర్ అనగానే విద్యార్థులు నీరసపడతారు. ఎలా చెప్పాలి?

ఫేజర్ బొమ్మతో మొదలుపెట్టకండి. మన తరగతుల్లో వ్యవసాయ కుటుంబాల పిల్లలు చాలామంది ఉంటారు. లో వోల్టేజీకి మోటారు కాలిపోవడం, దాన్ని బయటికి తీసి ట్రాక్టరులో వేసుకుని వైండింగ్ షాపుకు తీసుకువెళ్లడం, ఈలోగా మడి ఎండిపోవడం వారి ఇంట్లో జరిగినవే. అక్కడి నుంచి మొదలుపెట్టండి.

5 హెచ్‌పీ మోటారు తీసుకుందాం. దాని ఉత్పాదన 3.73 కిలోవాట్లు. సామర్థ్యం 80 శాతం అనుకుంటే అది లైను నుంచి లాగే శక్తి సుమారు 4.66 కిలోవాట్లు. పవర్ ఫ్యాక్టర్ (లైను మోసే మొత్తంలో నిజంగా పనికి వచ్చే భాగం) 0.75 అయితే 415 వోల్టుల దగ్గర కరెంటు 8.6 ఆంపియర్లు వస్తుంది. స్టార్టరు పక్కన 2 కేవీఏఆర్ (రియాక్టివ్ పవర్ కొలమానం) కెపాసిటర్ బిగించండి. పవర్ ఫ్యాక్టర్ 0.91 అవుతుంది, కరెంటు 7.1 ఆంపియర్లకు తగ్గుతుంది. మోటారు తోడే నీరు తగ్గలేదు. అయితే తీగలో నష్టం కరెంటు వర్గం మీద ఆధారపడుతుంది కనుక, ఆ మోటారు వల్ల తీగలో పోయే శక్తి దాదాపు మూడోవంతు తగ్గింది. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఇటువంటివి పదిహేను మోటార్లు ఉన్నాయనుకోండి, చిట్టచివరి పొలంలో వోల్టేజీ ఎంత మెరుగుపడుతుందో విద్యార్థులే లెక్క కట్టాలి. సెలవులకు ఊరు వెళ్లినప్పుడు తమ పొలంలోని స్టార్టరు పెట్టెలో కెపాసిటర్ ఉందో లేదో, ఉంటే వైర్లు కలిపి ఉన్నాయో లేక ఎవరో పీకేసి వదిలేశారో, పెద్దవారి చేత సరఫరా ఆపించిన తరువాతే, చూసి రమ్మనండి. తిరిగి వచ్చాక ఆ తరగతి మునుపటిలా ఉండదు.

నాకు కోడింగ్ ఇష్టం. పవర్‌లోకి వస్తే అది వదులుకోవాలా?

అవసరం లేదు, పైగా ఈ రంగంలో అది రాకుండా ఇక ముందు జరగదు. కంప్యూటరును తొలినాళ్లలోనే గట్టిగా వాడుకున్న రంగాలలో విద్యుత్ ఒకటి. ఒక పెద్ద గ్రిడ్‌లో ఏ లైనులో ఎంత విద్యుత్తు పారుతుందో తేల్చడానికి న్యూటన్ పద్ధతిని కంప్యూటరు మీద సమర్థంగా వాడే విధానాన్ని టిన్నీ, హార్ట్ 1967లోనే ప్రచురించారు. ఈనాటికీ లోడ్‌ఫ్లో సాఫ్ట్‌వేర్లకు అదే వెన్నెముక. పరీక్షలో మూడు బస్సుల (లైన్లు కలిసే మూడు బిందువుల) వ్యవస్థకు ఒక్క ఇటరేషన్ చేతితో చేయించి వదిలేయడం మా దురలవాటు. అదే విద్యార్థి చేత పైథాన్‌లో నలభై యాభై వరుసల ప్రోగ్రాము రాయించి, ఒక లైను తీసేస్తే మిగిలిన లైన్లలో ఏమవుతుందో చూపించమంటే, సాయంత్రం ల్యాబ్ మూసే వేళకు కూడా కదలడు. పాండాపవర్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, లైసెన్సు ఖర్చు సాకు చెల్లదు.

మరొక సంగతి. 2025 అక్టోబరులో విశాఖపట్నంలో గూగుల్ ప్రకటించిన డేటా సెంటర్ గిగావాట్ స్థాయిది. నాగార్జునసాగర్ ప్రధాన జలవిద్యుత్ కేంద్రం మొత్తం సామర్థ్యం 815.6 మెగావాట్లు. సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లిన స్నేహితుడి ఉద్యోగం నడవాలన్నా ఎవరో ఒకరు ఆ లోడుకు సబ్‌స్టేషన్లు, లైన్లు, రిలే (ప్రమాదాన్ని గుర్తించి బ్రేకరుకు ఆజ్ఞ ఇచ్చే పరికరం) సెట్టింగులు చూడవలసిందే.

జీతాల మాట నిజాయితీగా చెబుతారా?

చెబుతాను. కాంట్రాక్టు కంపెనీలో సైటు ఇంజనీరుగా చేరితే మొదటి జీతం చాలాసార్లు సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇచ్చే దానికంటే తక్కువే ఉంటుంది, ఎండలో నిలబడాలి, ఊళ్లు తిరగాలి. విద్యార్థుల దగ్గర ఈ విషయం దాచి, దేశ నిర్మాణం అంటూ ఉపన్యసించడం వల్లనే వారికి మన మాట మీద నమ్మకం పోయింది. ప్రభుత్వ రంగ సంస్థల్లో జీతం, భద్రత బాగుంటాయి, కానీ పోస్టులు తక్కువ, నోటిఫికేషన్ల మధ్య ఏళ్లు గడిచిపోవచ్చు. ఒక్క నోటిఫికేషన్‌ను నమ్ముకుని నాలుగైదేళ్లు కోచింగ్ సెంటరు గదిలో కూర్చోవడాన్ని నేను ఎవరికీ సలహా ఇవ్వను. మధ్యలో ఒక దారి ఉంది. ప్రొటెక్షన్, టెస్టింగ్ అండ్ కమిషనింగ్, సిస్టమ్ స్టడీస్, పవర్ ఎలక్ట్రానిక్స్ డిజైన్ వంటి పనుల్లో రెండు మూడేళ్లు నిలదొక్కుకున్న ఇంజనీరుకు పని వెతుక్కోవలసిన అవసరం రాదు, ఎందుకంటే రిలే ఎందుకు ట్రిప్ అయిందో చెప్పగలిగేవారు ఎక్కడా ఎక్కువమంది లేరు.

ఉద్యోగాలు ఎక్కడ ఉంటాయి?

ఉమ్మడి రాష్ట్ర విద్యుత్ బోర్డు 1999 ఫిబ్రవరిలో జెన్‌కో (ఉత్పత్తి), ట్రాన్స్‌కోలుగా విడిపోయింది, ఆ తరువాత పంపిణీకి డిస్కమ్‌లు వచ్చాయి, 2014లో ఇవి రెండు రాష్ట్రాలకూ వేరయ్యాయి. వీటిలో ఏఈ పోస్టులకు ఆయా సంస్థలు పరీక్ష పెడతాయి. కేంద్ర సంస్థల్లో ఎన్‌టీపీసీకి రామగుండం, సింహాద్రి కేంద్రాలున్నాయి. పవర్‌గ్రిడ్‌కు రెండు రాష్ట్రాల్లోనూ పెద్ద సబ్‌స్టేషన్లు ఉన్నాయి. హైదరాబాదులో బీహెచ్‌ఈఎల్ కర్మాగారం, సీపీఆర్‌ఐ (కేంద్ర విద్యుత్ పరిశోధన సంస్థ) వారి అత్యధిక వోల్టేజీ పరిశోధనశాల ఉన్నాయి. రైల్వే ట్రాక్షన్, మెట్రో, సోలార్ డెవలపర్లు, ట్రాన్స్‌ఫార్మర్ తయారీ, ఎలక్ట్రిక్ వాహనాల ఛార్జింగ్, స్మార్ట్ మీటర్లు, పెద్ద ఆసుపత్రుల నిర్వహణ విభాగాలు, ఇలా జాబితా చాలా పొడవు. ఎన్‌టీపీసీ, పవర్‌గ్రిడ్ వంటివి గేట్ మార్కుల ఆధారంగా ఇంజనీర్లను తీసుకోవడం అలవాటు కనుక, మూడో సంవత్సరం నుంచే గేట్‌ను దృష్టిలో పెట్టుకుని చదవడం మంచిదే.

ఆడపిల్లలకు ఈ రంగం తగినదేనా?

ఈ ప్రశ్న తల్లిదండ్రులే ఎక్కువగా అడుగుతారు. దీనికి జవాబు ఎనభై ఏళ్ల కిందటే ఒక తెలుగింటి అమ్మాయి చెప్పింది. అయ్యలసోమయాజుల లలిత 1919లో మద్రాసులో పుట్టారు. పద్దెనిమిదేళ్లకే భర్త పోయాడు, చంకలో నెలల పిల్ల. ఆ స్థితిలో గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో ఎలక్ట్రికల్ చదివి, 1943లో పూర్తి చేసి, దేశంలో తొలి మహిళా ఎలక్ట్రికల్ ఇంజనీరు అయ్యారు. తరువాత కలకత్తాలో ట్రాన్స్‌మిషన్ లైన్లు, సబ్‌స్టేషన్ల డిజైన్ పని చేశారు, భాక్రా నంగల్ ప్రాజెక్టు పనిలోనూ ఆమె చేయి ఉంది. 1964లో న్యూయార్కులో జరిగిన మహిళా ఇంజనీర్లు, శాస్త్రవేత్తల తొలి అంతర్జాతీయ సదస్సుకు వెళ్లివచ్చారు. మన ఈఈఈ శాఖల గోడల మీద ఎడిసన్, టెస్లా, ఫారడే పటాలుంటాయి. ఆమె పటం ఒక్కచోట కూడా నేను చూడలేదు.

ఇప్పటి సంగతికి వస్తే, తెలంగాణలో మహిళలు జూనియర్ లైన్‌మన్ ఉద్యోగానికి కూడా ఎంపికై స్తంభాలెక్కి పని చేస్తున్నారు. సబ్‌స్టేషన్లలో సరైన మరుగుదొడ్డి, రాత్రి షిఫ్టుకు రవాణా వంటి ఇబ్బందులు నిజమైనవే, వాటిని సంస్థలే తీర్చాలి. వాటి పేరు చెప్పి అమ్మాయిని చదువు దగ్గరే ఆపడం న్యాయం కాదు.

తెలుగు మీడియంలో చదివినవారికి కష్టమా?

మొదటి సంవత్సరం కష్టమే. ఆ తరువాత పరిస్థితి తారుమారవుతుందని నా పరిశీలన. స్టార్టరు, ఫ్యూజు, ఏబీ స్విచ్చు, సింగిల్ ఫేజింగ్ వంటి మాటలు పల్లెటూరి విద్యార్థికి పుస్తకం తెరవకముందే తెలుసు. అధ్యాపకుడు సంగతిని ముందు తెలుగులో విడమరచి, ఆ తరువాత ఇంగ్లీషులో రాయిస్తే సరిపోతుంది. సబ్‌స్టేషన్‌లో ఫోన్ మీద నడిచే సంభాషణంతా తెలుగులోనే, సాంకేతిక పదాలు మాత్రమే ఇంగ్లీషువి.

ల్యాబ్‌కు డబ్బు లేదు. తక్కువ ఖర్చుతో విద్యార్థిని ఆకట్టుకునే ప్రాజెక్టు ఏదైనా ఉందా?

ఫ్రీక్వెన్సీ రికార్డరు చేయించండి. చిన్న స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్, నాలుగు విడిభాగాలు, ఒక మైక్రోకంట్రోలర్ బోర్డు ఉంటే చాలు. తరంగం సున్నాను దాటే క్షణాలను లెక్కపెట్టి, సెకనుకొకసారి ఫ్రీక్వెన్సీని నమోదు చేయడమే పని. మెయిన్స్ వైపు కనెక్షన్ మాత్రం అధ్యాపకుడి ఎదుటే జరగాలి. ఒకటి కాలేజీలో, ఒకటి నిజామాబాద్ విద్యార్థి ఇంట్లో, ఇంకొకటి వీలైతే ఢిల్లీలోని ఎవరి బంధువుల ఇంట్లోనైనా పెట్టి, వారం తరువాత మూడు గ్రాఫులనూ ఒకదాని మీద ఒకటి పరచండి. మూడూ కలిసిపోతాయి, ఎందుకంటే కాశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా ఉన్న జనరేటర్లన్నీ ఒకే లయలో తిరుగుతున్నాయి.

ఎప్పటినుంచి అన్నది వెంటనే వచ్చే ప్రశ్న. 2013 డిసెంబరు 31న 765 కేవీ రాయచూరు–షోలాపూర్ లైను ద్వారా దక్షిణ గ్రిడ్ మిగతా దేశంతో కలిసింది. అంతకు ముందు మన ఫ్రీక్వెన్సీ మనది, వారిది వారిది. తూర్పు గ్రిడ్ నుంచి మనకు విద్యుత్తు రావాలంటే విశాఖలోని గాజువాక కేంద్రంలో ఏసీని డీసీగా మార్చి, అక్కడికక్కడే మళ్లీ ఏసీగా మార్చి పంపవలసి వచ్చేది. 2012 జూలై 30న బీనా–గ్వాలియర్ లైను ట్రిప్పయి ఉత్తర భారతం చీకటైనప్పుడు, మర్నాడు మరింత విస్తారంగా దాదాపు అరవై కోట్ల మంది ప్రాంతాల్లో సరఫరా పోయినప్పుడు, దక్షిణాదిలో దీపాలు ఆరకపోవడానికి కారణం ఇదే. వెయ్యి రూపాయల ప్రాజెక్టు విద్యార్థిని ఇంత దూరం తీసుకువస్తుంది.

ఇతర దేశాలు ఈ కొరతను ఎలా ఎదుర్కొన్నాయి?

బ్రిటన్‌లో 2004లో ఐఈటీ అనే ఇంజనీర్ల సంఘం పవర్ అకాడమీ మొదలైంది. విద్యుత్ కంపెనీలు, విశ్వవిద్యాలయాలు కలిసి, ఎంపికైన విద్యార్థికి విద్యావేతనంతో పాటు వేసవిలో ఒక కంపెనీలో జీతంతో కూడిన పని కల్పిస్తాయి. అమెరికాలో ఐఈఈఈ పవర్ అండ్ ఎనర్జీ సొసైటీ 2011లో మొదలుపెట్టిన స్కాలర్‌షిప్ పథకంలోనూ డబ్బుతో పాటు పని అనుభవం భాగమే. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో నెడ్ మోహన్ వేరే దారి పట్టారు. పవర్ సిస్టమ్స్, పవర్ ఎలక్ట్రానిక్స్, డ్రైవ్స్ మూడు కోర్సులనూ కలిపి ఆలోచించి, పాత మెషీన్స్ పాఠాలను ఈనాటి వాడకం వైపు నుంచి తిరగరాశారు. ఈ మూడింటిలో మనకు వెంటనే సాధ్యమైనది చివరిదే, దానికి ఏ కంపెనీ అనుమతీ అక్కర్లేదు. అటానమస్ కాలేజీ అయితే సిలబస్ నిర్ణయించే బోర్డ్ ఆఫ్ స్టడీస్ సమావేశం ఒకటి చాలు.

అమెరికాలో ఎంఎస్ చేయాలనుకునేవారికి పవర్ ఉపయోగపడుతుందా?

ఉపయోగపడుతుంది. అక్కడి యుటిలిటీలకు, గ్రిడ్ నిర్వాహక సంస్థలకు, కన్సల్టెన్సీలకు ఈ చదువు ఉన్నవారు కావాలి. డాలస్‌లో స్థిరపడిన తెలుగువారికి 2021 ఫిబ్రవరి చలి బాగా గుర్తుంటుంది. 15వ తేదీ తెల్లవారుజామున టెక్సాస్ గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 60 హెర్ట్జ్ నుంచి 59.4 కంటే కిందికి జారి, 4 నిమిషాల 23 సెకన్లు అక్కడే ఉంది. 9 నిమిషాలు ఉండి ఉంటే మరిన్ని జనరేటర్లు వాటంతట అవే విడిపోయేవి. నిర్వాహకులు లోడు కోసేసి దాన్ని కాపాడారు.

ఇంత చేశాక కూడా మంచి విద్యార్థి సాఫ్ట్‌వేర్‌కే వెళ్లిపోతే?

వెళ్లనివ్వండి. అరవై మందినీ పవర్‌లో నిలబెట్టాలన్నది ఎవరి లక్ష్యమూ కాదు. తరగతికి ఏడెనిమిది మంది ఇష్టపడి నిలిస్తే రెండు రాష్ట్రాల అవసరానికి అదే పెద్ద బలం. వెళ్లినవారిలోనూ కొందరు తిరిగి వస్తారు. నా దగ్గర చదివిన ఒకమ్మాయి మూడేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసి, ఇప్పుడు ఒక కన్సల్టెన్సీలో రిలే కోఆర్డినేషన్ చూస్తోంది. ఈ ఏడాది రెండో సంవత్సరం వారిని సబ్‌స్టేషన్‌కు తీసుకువెళ్లిన రోజు ఆమె సెలవు పెట్టుకుని మాతో వచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్ మోత 100 హెర్ట్జ్ ఎందుకని నేను అడగబోతుంటే, ఆ ప్రశ్న తనే అడిగి, జవాబు చెప్పకుండా ముందుకు నడిచింది.